పాత 767లను పక్కన పెట్టింది భయంతోనా, ఖర్చుతోనా? హ్యాంగర్‌లో పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు, 2018లో ఒకసారి, 2022 వేసవిలో ఇంకోసారి కాండోర్ అనే జర్మనీ ఎయిర్‌లైన్ (సెలవులకు వెళ్ళేవాళ్ళను తిప్పే కంపెనీ) వాళ్ళ బోయింగ్ 767లో కుటుంబంతో సెలవులకు వెళ్ళొచ్చారు. ఇప్పుడు ఆ 767లన్నీ తీసేసి కొత్త ఎయిర్‌బస్ ఏ330 నియోలు పెట్టారని తెలిసి, "అయితే ఇన్నాళ్ళూ పిల్లల్ని ఎక్కించింది కాలం చెల్లిన విమానమా?" అని మీ ఆవిడ టెన్షన్ పడుతున్నారు. పాతవి ఎక్కడికి పోతాయి, మన దేశానికి అంటగట్టరు కదా అన్నది రెండో ప్రశ్న. దాని ముక్క ఏదైనా దొరుకుతుందా అని మీ అబ్బాయి అడిగాడట, వాడి సంగతి చివర్లో చూద్దాం.

నేను పంతొమ్మిదేళ్ళు విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, మొదట గల్ఫ్‌లో, తర్వాత యూరప్‌లో, ఎక్కువగా 767లు, ఏ330ల మీద. కాండోర్‌లో ఎప్పుడూ పని చేయలేదు. వాళ్ళ గురించి చెప్పేదంతా బయట అందరికీ తెలిసిన సమాచారమే, మిగతాది నా సొంత అనుభవం.

మీ ఆవిడకు ముందుగా జవాబు: కాదండీ. ఆ విమానం ముసలిదే, కానీ ఎక్కకూడనిది కాదు. ఆ రెండూ వేరు.

విమానం వయసు ఏళ్ళల్లో లెక్కపెట్టడం ప్రయాణికుల అలవాటు. హ్యాంగర్‌కి, అంటే విమానాలు బాగుచేసే షెడ్డుకి, విమానం వస్తే మేం అడిగేవి వేరు: ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్ని సైకిల్స్ అయ్యాయి. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. పైకి వెళ్ళినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి బాడీ కొద్దిగా ఉబ్బుతుంది, దిగాక మామూలవుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి పుటుక్కుమంటుంది చూడండి, బాడీ రేకుకి కూడా అదే బాధ, కాకపోతే వేల సార్లు వంగాక. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే ఒక 737కి గాల్లో ఉండగానే ముందు భాగం పైకప్పు ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయారు, పైలట్లు మిగతా అందరినీ దింపగలిగారు. దాని వయసు 19 ఏళ్ళే. గంటలు చూస్తే 35 వేల పైచిలుకు, అది పెద్ద లెక్కేమీ కాదు. కానీ సైకిల్స్ 89,680! దీవి నుంచి దీవికి ఇరవై నిమిషాలు, అరగంట, రోజంతా ఎక్కడం దిగడమే దాని పని. పైగా సముద్రపు గాలి. పాత విమానాల మీద ఇప్పుడున్న నియమాల్లో చాలా భాగం ఆ రోజు తర్వాత పుట్టినవే. ఒక్కో మోడల్‌కి ఇన్ని సైకిల్స్, ఇన్ని గంటలు దాటితే ఎగరనివ్వం అని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గీసిన హద్దు కూడా ఆ కోవలోదే.

ఇప్పుడు మీ 767 చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మారిషస్, పుంటా కానా, ఇలాంటి రూట్లలో ఒక్కసారి ఎక్కితే పది పదకొండు గంటలు గాల్లోనే. రోజుకి సగటున 13 గంటలు ఎగిరిందనుకున్నా, ముప్పై ఏళ్ళకు గంటలు లక్షా నలభై వేలు దాటుతాయేమో గానీ సైకిల్స్ పదిహేను, పద్దెనిమిది వేల దగ్గర ఉంటాయి. ఆ హవాయి విమానం పడ్డ కష్టంలో అయిదో వంతు. బాడీ అలసట విషయంలో సెలవుల కంపెనీల పెద్ద విమానాలు ఒకరకంగా సుఖంగా బతికినవే అంటాను.

కొత్తదైతే భయం లేదా అంటే, 2001 ఆగస్టు 24 గురించి చెప్పాలి. ఎయిర్ ట్రాన్సాట్ అని కెనడాలో ఒక సెలవుల ఎయిర్‌లైన్ ఉంది. టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న వాళ్ళ ఏ330కి అట్లాంటిక్ మధ్యలో ఇంధనం మొత్తం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పిషే, కో-పైలట్ డిర్క్ డి యాగర్ దాన్ని ఇంజన్ లేకుండా సుమారు 19 నిమిషాలు గాల్లో జార్చుకుంటూ తెచ్చి అజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దింపారు, 306 మందీ బతికారు. ఆ విమానం అప్పటికి రెండేళ్ళ పసిది! జరిగిందేంటంటే, అంతకు ముందు ఇంజన్ మార్చినప్పుడు ఆ ఇంజన్‌కి సరిపడని హైడ్రాలిక్ పైపు బిగించారు, అది పక్కనున్న ఇంధనం గొట్టానికి రాసుకుని దాన్ని కోసేసింది. ఈ కేసు మాకు ట్రైనింగ్‌లో చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం, ఎందుకంటే "టైమ్ లేదు, ఈ పార్ట్ సరిపోతుందిలే" అన్న మాట అందులో ప్రతివాడూ ఎక్కడో ఒకచోట విన్నదే. అందుకే నేను ఎక్కే ముందు విమానం వయసు చూడను, దాన్ని ఎవరు మెయింటెయిన్ చేస్తున్నారో చూస్తాను.

అలాగని పాతదానికి రోగాలు ఉండవని కాదు. అసలు శత్రువు తుప్పు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు, తెల్లటి పొడి రాలుతుంది, ముదిరితే రేకు పొరలు పొరలుగా లేస్తుంది, అచ్చం మడతకాజా లాగా. ఎక్కడ పడుతుందో తెలుసా? గ్యాలీ (విమానంలో వంటిల్లు) కింద, టాయిలెట్ల కింద. ఒక చలికాలం ఓ సెలవుల కంపెనీ 767కి పెద్ద చెక్, అంటే విమానాన్ని విప్పి చేసే భారీ తనిఖీ, చేస్తూ వెనక గ్యాలీ దగ్గర ఫ్లోర్ ప్యానెల్ ఎత్తాం. ఇరవై ఏళ్ళుగా ఒలికిన కాఫీ, ఆరెంజ్ జ్యూస్, కోక్ అన్నీ కలిసి ఎండి నల్లటి బంకలా దూలానికి పట్టి ఉన్నాయి. గీకి చూస్తే కింద దూలం అంచు తెల్లగా పూచి ఉంది. సీట్లు బిగించే పట్టాల్లో ఇసుక. నిజంగా ఇసుకే, బీచ్‌ల నుంచి చెప్పుల్లో, బ్యాగుల్లో వచ్చింది. బిజినెస్ వాళ్ళు తిరిగే ఎయిర్‌లైన్ విమానాల్లో ఇంత ఇసుక నేనెప్పుడూ చూడలేదు. తడి ఇసుక, ఉప్పు, ఒలికిన జ్యూస్, ఇంతకన్నా ఏం కావాలి తుప్పుకి? రెండు దూలాలు మార్చాల్సి వచ్చింది, మూడు వారాల పని అయిదున్నర వారాలైంది. కానీ ఒక్కటి గమనించండి. ఆ తుప్పు దొరికింది కాబట్టే మార్చాం. దాన్ని వెతకడానికే ఆ చెక్ పెట్టేది.

ఇదిగో, రిటైర్‌మెంట్ నిర్ణయమయ్యేది సరిగ్గా ఇక్కడే. విమానాలు ముసలితనంతో చావవు, పెద్ద చెక్ ముందు చస్తాయి. ఫలానా విమానానికి వచ్చే నవంబర్‌లో భారీ చెక్ ఉంది, రెండు ఇంజన్లలో ఒకదాన్ని షాప్‌కి పంపాలి, ల్యాండింగ్ గేర్ పదేళ్ళ ఓవర్‌హాల్ కూడా అప్పుడే పడింది అనుకోండి. ఈ మూడింటి బిల్లు కలిపితే విమానం మార్కెట్ ధరను దాటిపోతుంది. అప్పుడు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు అక్టోబర్ ఆఖరు దాకా, అంటే వేసవి సీజన్ అయ్యేదాకా నడిపి ఆపేద్దాం అంటారు. అక్టోబర్ 31న ఎగిరిన విమానం నవంబర్ 1న పాడైపోయిందని కాదు. దాని మీద ఇంకో రూపాయి పెట్టడం దండగ అంతే. స్కూటర్‌కి ఇంజన్ బోర్ చేయించాలంటే పన్నెండు వేలు, బండి అమ్మితే పదివేలు వస్తుందంటే ఏం చేస్తాం? అదే లెక్క.

మరి కాండోర్ అన్నాళ్ళు ఎందుకు ఉంచుకుంది? 767 అంటే వాళ్ళకి 1991 నుంచి ఉన్న బంధం. అసలు సెలవుల ప్రయాణాలకు 767 అంత బాగా కుదిరిన విమానం ఇంకోటి లేదని నా అభిప్రాయం. రెండు ఇంజన్ల విమానాలను మహాసముద్రాల మీదకి దూరంగా వదలొచ్చని మొదట నిరూపించింది ఇదే, 1985లో టీడబ్ల్యూఏ అనే అమెరికా ఎయిర్‌లైన్ వాళ్ళు బోస్టన్-పారిస్ నడిపారు. మూడు నాలుగు ఇంజన్ల ఖర్చు లేకుండా 250 మందిని అట్లాంటిక్ దాటించొచ్చు అనేసరికి సెలవుల కంపెనీలకు పండగే. కాండోర్ దాంట్లో 259 సీట్లు పెట్టింది, మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, చలికాలం ఖాళీగా ఉన్నా కొంప మునగదు.

ఆ చివరి మాట ముఖ్యం. సెలవుల కంపెనీకి జూలై, ఆగస్టుల్లో విమానాలు చాలవు, నవంబర్‌లో నిలబెట్టడానికి చోటు చాలదు. కొత్త విమానం కొంటే ఎగిరినా ఎగరకపోయినా నెలనెలా కిస్తీయో అద్దెయో కట్టాలి. అప్పు తీరిపోయిన పాతది అయితే నిలబడి ఉన్నప్పుడు పెద్దగా తినదు, ఎగిరినప్పుడే ఇంధనం ఎక్కువ తాగుతుంది. అందుకే ఇలాంటి కంపెనీలు పెద్ద ఎయిర్‌లైన్స్ వదిలేసిన తర్వాత కూడా పాతవి నడుపుతాయి. పిసినారితనం అనుకోకండి, వాళ్ళ వ్యాపారానికి అది సరైన లెక్కే, ఇంధనం ధర ఊరుకున్నన్నాళ్ళు.

దానికి తోడు వాళ్ళ గ్రహచారం. మాతృసంస్థ థామస్ కుక్ 2019 సెప్టెంబర్ 23న దివాళా తీసింది. జర్మనీ ప్రభుత్వం 38 కోట్ల యూరోల అప్పు ఇప్పించి కాండోర్‌ని నిలబెట్టింది. 2020 జనవరిలో పోలెండ్ ఎయిర్‌లైన్ లాట్ వాళ్ళ మాతృసంస్థ కొంటామంది, ఈలోగా కరోనా, ఏప్రిల్‌కల్లా ఆ బేరం తప్పిపోయింది. ఇలాంటి సమయంలో కొత్త విమానాలు కొంటామంటే అప్పు పుట్టదు. 2021లో అటెస్టర్ అనే పెట్టుబడి సంస్థ 51 శాతం తీసుకున్నాకే 16 ఏ330 నియోలకు ఆర్డర్ పెట్టారు, ఆ సంఖ్యను తర్వాత పెంచారు. మొదటిది 2022 డిసెంబర్‌లో చేతికొచ్చింది. అంటే మీరు 2022 వేసవిలో ఎక్కింది ఆ 767ల ఆఖరి సీజన్లలో ఒకటి. 2024కల్లా వాటి కథ అయిపోయింది.

ఇంధనం గురించి రెండు ముక్కలు. 767 గంటకు సుమారు అయిదు టన్నులు తాగుతుంది, పది గంటల ప్రయాణానికి యాభై టన్నులు. కొత్త ఏ330 నియో ఒక్కో ప్రయాణికుడికి వంద కిలోమీటర్లకు 2.1 లీటర్లే తీసుకుంటుందని కాండోర్ చెప్తుంది. కంపెనీ చెప్పే లెక్క సీట్లు నిండితేనే నిజం, అది గుర్తుంచుకోండి. అయినా రోల్స్ రాయిస్ ట్రెంట్ 7000 ఇంజన్లు, పొడవాటి కొత్త రెక్కలు, 310 సీట్లు, తలకు పడే ఇంధనం తగ్గడం మాత్రం వాస్తవం. ఇంకోటి బయటివాళ్ళు పట్టించుకోనిది, సరుకు. 767 బొడ్డు కాస్త సన్నం, పెద్ద విమానాల్లో మామూలుగా వాడే ఎల్‌డీ3 కంటెయినర్లు దాంట్లో పక్కపక్కన రెండు పట్టవు, దానికని ప్రత్యేకంగా చిన్నవి, ఎల్‌డీ2లు వాడాలి. ఏ330లో మామూలువే జంటగా వెళ్తాయి. పైన సెలవులకు వెళ్ళే జనం, కింద డబ్బు తెచ్చే సరుకు.

పైలట్ల సంగతి కూడా ఉంది. 757, 767 రెండూ వేరు వేరు సైజులైనా కాక్‌పిట్ దాదాపు ఒకటే, ఒకే లైసెన్స్ రేటింగ్‌తో రెండూ నడపొచ్చు. కాండోర్‌లో రెండూ ఉండేవి, అన్నదమ్ముల్లా. ఒకటి పోతే రెండోదాని కోసం విడిగా పైలట్లను, సిమ్యులేటర్లను, స్పేర్లను పోషించడం దండగ, అందుకే అన్న వెళ్ళిపోతే తమ్ముడికీ రోజులు దగ్గరపడ్డట్టే. మొత్తం ఎయిర్‌బస్ అయితే ఏ320 పైలట్‌కి చిన్న కోర్సుతో ఏ330 ఇవ్వొచ్చు.

నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద కారణం ఇవేవీ కావు, ఆలస్యాలు. ఇది అనుభవంతో చెప్తున్నాను. ఒకసారి (కంపెనీ పేరు వద్దు, దీవి పేరూ వద్దు) ఇరవై ఆరేళ్ళ పాత విమానానికి తిరుగు ప్రయాణంలో హైడ్రాలిక్ పంపు పోయింది. అక్కడ ఆ పార్ట్ లేదు. మాకున్నది ఒక టూల్ బాక్స్, రెండు ఫోన్లు. పంపు యూరప్ నుంచి వేరే ఎయిర్‌లైన్ విమానంలో ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, కస్టమ్స్‌లో ఆగి మా చేతికి వచ్చేసరికి 26 గంటలు. బిగించడానికి మూడు గంటలు కూడా పట్టలేదు. ఈలోగా రెండొందల యాభై మందికి హోటళ్ళు, భోజనాలు, పిల్లలకు పాలు. ఒక పెద్దావిడ షుగర్ మందులు చెక్-ఇన్ సూట్‌కేస్‌లో ఉండిపోతే కార్గోలోకి దూరి నేనే వెతికి తెచ్చాను. యూరప్‌లో 261 అనే నియమం ఒకటుంది: 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణం నాలుగు గంటలకు మించి లేటైతే ప్రయాణికుడికి 600 యూరోలు. "మెషిన్ పాడైంది, మా తప్పు లేదు" అంటే మామూలుగా చెల్లదని యూరప్ కోర్టు 2008లోనే తేల్చింది. 259 మందికి 600 చొప్పున వేసుకోండి: 1,55,400 యూరోలు, మన డబ్బుల్లో కోటిన్నర పైమాటే. ఒక్క పంపుకి! ఆగస్టులో ఇలాంటివి మూడు జరిగితే పాత విమానం మీద మిగిలిన లాభమంతా హోటళ్ళకి, నష్టపరిహారాలకి పోతుంది. పెద్ద ఎయిర్‌లైన్‌కి ఇంకో విమానం పంపే వెసులుబాటు ఉంటుంది, ఆగస్టులో సెలవుల కంపెనీ దగ్గర స్పేర్ విమానం ఉందంటే నేను నమ్మను.

ఇక పాతవి ఎక్కడికి పోతాయి. పొడి గాలి ఉన్నచోటికి. స్పెయిన్‌లో తెరుయెల్, అమెరికాలో అరిజోనా, న్యూ మెక్సికో ఎడారులు. తేమ లేకపోతే తుప్పు నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ నిలబెడతారు. నేను అలాంటి ఒక విమానాన్ని అప్పగించడానికి వెళ్ళాను. ఇంజన్లకు మూతలు బిగించి, కిటికీలకు వెండి కాగితం అంటించి, లోపల సీటు జేబుల్లో సేఫ్టీ కార్డులు అలాగే ఉన్నాయి. ఒకచోట ఎవరో పిల్లాడి రంగు పెన్సిల్ కూడా. కొన్నవాడి మనుషులు వచ్చి విమానాన్ని చూడలేదు, నేరుగా కాగితాల పెట్టెల దగ్గరకి వెళ్ళారు. ముప్పైకి పైగా అట్టపెట్టెలు. ఇంజన్‌లో తిరిగే ప్రతి డిస్క్‌కీ పుట్టినప్పటి నుంచి ఎన్ని సైకిల్స్ తిరిగిందో చూపే కాగితం ఉండాలి. ఉంటే దాని విలువ లక్షల డాలర్లు, లేకపోతే అదే డిస్క్ పాత ఇనప సామాన్లవాడికి వేయాల్సిందే. డబ్బంతా ఇంజన్లలో, ల్యాండింగ్ గేర్‌లో, ఎలక్ట్రానిక్ పెట్టెల్లో ఉంటుంది. మిగిలిన డొల్ల అల్యూమినియం తూకానికి పోతుంది.

కాస్త వయసు తక్కువున్న 767లకు రెండో జన్మ ఉంటుంది, పక్కకి పెద్ద తలుపు కోసి సరుకు విమానం చేస్తారు. 2021 జనవరిలో అమెజాన్ 11 వాడిన 767లు కొంది, ఏడు డెల్టావి, నాలుగు కెనడా వెస్ట్‌జెట్‌వి. ఆ నాలుగూ అంతకు ముందు ఆస్ట్రేలియాలో క్వాంటాస్‌కి పనిచేసినవి. ఆస్ట్రేలియా నుంచి కెనడా, అక్కడి నుంచి పార్సిళ్ళు. మన దేశానికి అంటగడతారా అన్నారు కదా, వాడిన ప్రయాణికుల విమానాలు తెచ్చుకోవడానికి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వయసు హద్దు పెట్టింది, పైగా 767లో ప్రయాణికులను తిప్పే కంపెనీ మన దగ్గర లేదు. సరుకు మాత్రం వేరే సంగతి. శంషాబాద్‌కి కూడా వచ్చే బ్లూ డార్ట్ 757లు ఒకప్పుడు జనాన్ని మోసినవే. మీ ఇంటికి వచ్చిన కొరియర్ ఒకప్పుడు ఎవరో కూర్చున్న చోటే ప్రయాణం చేసి ఉండొచ్చు.

తెలుగు నేల మీద పాత విమానం అంటే నాకు మాత్రం 2022 నవంబర్ గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో రెస్టారెంట్ చేద్దామని కొన్న పాత విమానం డొల్లని కొచ్చి నుంచి ట్రైలర్ మీద తెస్తుంటే బాపట్ల జిల్లా కొరిశపాడు అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. ఊరు ఊరంతా వచ్చి సెల్ఫీలు. ఆ వీడియో మా హ్యాంగర్ గ్రూపులో పెడితే జర్మన్ ఫోర్‌మన్ ఒకడు "ఎత్తు కొలవలేదా?" అని సీరియస్‌గా అడిగాడు.

కొత్త విమానంలో మీకు ఒక నష్టం ఉంది, అదీ చెప్పేస్తాను. 767లో వరుసకి రెండు-మూడు-రెండు, ఏడు సీట్లలో ఇరుక్కుని కూర్చునేది ఒక్కడే. ఏ330లో రెండు-నాలుగు-రెండు, మధ్యలో ఇద్దరు. మీరు నలుగురు కాబట్టి మధ్య నాలుగు తీసుకోండి, లేదా కిటికీ పక్క జంట సీట్లు ముందూ వెనకా రెండు వరుసలు. అబ్బాయి కిటికీ అంటాడు కాబట్టి రెండోదే మీకు ఖాయం.

వాడి ముక్క సంగతి. విప్పేసిన విమానాల బాడీ రేకుని చిన్న చిన్న బిళ్ళలుగా కోసి, మీద విమానం నంబర్ చెక్కి, కీచైన్‌లుగా అమ్మే కంపెనీలు జర్మనీలోనే ఉన్నాయి. మీరు ఎక్కిన విమానం రిజిస్ట్రేషన్ నంబర్ తెలిస్తే దానిదే దొరుకుతుందేమో చూడండి, కానీ అన్ని విమానాలనూ అలా కోయరు. పాత బోర్డింగ్ పాస్ మీద ఆ నంబర్ ఉండదు, ఫ్లైట్ నంబర్, తేదీతో వెతకాలి. ట్రాలీ పెట్టెలు, సీట్లు కూడా అమ్ముతారు గానీ సీటు జోలికి వెళ్ళొద్దు. నేను ఒక 767 జంట సీటు ఇంటికి తెచ్చాను, బరువుకి లిఫ్ట్‌లో పట్టక మూడో అంతస్తుకి మెట్ల మీద మోసుకొచ్చాం. ఇప్పుడు దాని మీద ఆరేసిన బట్టలు ఉంటాయి, బెల్టు మాత్రం మా చిన్నది కూర్చున్న ప్రతిసారీ పెట్టుకుంటుంది.